నా నీలం నాకు తెలుసు

జూన్ 4

ఒరేయ్ బుడంకాయ్,

నిన్న ఫోన్ లైను తెగిపోయి ఆగిపోలేదు, నేనే పెట్టేశాను. ఇక మన మధ్య ఫోన్లు వద్దు. ఫోన్లో ఇద్దరం ఒకేసారి అరుస్తాం. ఉత్తరాల్లో అయితే ఒకరి తర్వాత ఒకరం అరుచుకోవచ్చు, నా మాట సగంలో నువ్వు మింగేయడానికి వీలుండదు.

నువ్వు అడిగిన దానికి జవాబు: నా కళ్ళకేమీ కాలేదు. కళ్ళాసుపత్రిలో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా జనాన్ని కూర్చోబెట్టి గోడమీద అక్షరాలు చదివిస్తుంటావు కనక నీకు లోకంలో అందరి కళ్ళూ చెడిపోయినట్టే ఉంటుంది. నా కళ్ళ జోలికి రాకు.

నీలం గుడ్డ వెనక్కి వచ్చిందని నోరు జారడం నా తప్పే. వచ్చింది, అయితే ఏమిటి? ఆసుపత్రి దుప్పట్ల లేత నీలం అది. ఏళ్ళ తరబడి మా అద్దకం మిల్లులో ఆ రంగు కలుపుతున్నది నేనే. మిగతావాళ్ళు నమూనా ముక్క ఒకపక్క, అద్దిన గుడ్డ ఒకపక్క పెట్టుకుని అటూ ఇటూ చూసి చస్తుంటారు. నేను నమూనాని ఒక్కసారి చూసి లోపల దాచుకుంటాను. ఆ తర్వాత నా బుర్రలో ఉన్న నీలానికీ తొట్టిలో ఉన్న నీలానికీ మధ్య ఇంకెవరూ రానక్కర్లేదు. ఇక్కడ నన్ను డేగక్క అంటారు, ఊరికే అనరు. ఈసారి కొన్నవాడెవడో 'నీలం ముదిరింది' అని రాశాడు. నీ గోడౌన్లో బల్బు మార్చుకో నాయనా అని తిరిగి రాయించాను.

ఇంకో సంగతి, విని కుళ్ళుకో. చత్వారం అద్దాలు తీసి డ్రాయరులో పడేశాను. పేపరు చదువుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను, అన్నీ అద్దాల్లేకుండానే! నీ బట్టతలకి మందు దొరకలేదు కానీ నా కళ్ళు మాత్రం పడుచుదనంలోకి తిరిగి వెళ్ళిపోయాయి.

నీతో పని కూడా ఒకటుంది. మిల్లులో కళ్ళకలక అంటుకుంది. మడతల గదిలో మొదలై తొట్ల దాకా వచ్చేసింది. ఎవరో ఇంట్లో మిగిలిపోయిన చుక్కల సీసా తెచ్చారు, అందరూ వరసగా తల పైకెత్తి వేయించుకుంటున్నారు. ఏం చెయ్యాలో రాయి, గోడకి అంటిస్తాను. ఉపన్యాసం మాత్రం వద్దు.

కళ్ళు బాగానే ఉన్న,
అక్క

జూన్ 11

అక్కకు,

ఉపన్యాసం వద్దన్నావు కనక ముందు గోడ సంగతి. ఆ చుక్కల సీసా ఇవాళే చెత్తబుట్టలో పడేయించు. ఒకరి రెప్పకి తగిలిన సీసా మొన ఇంకొకరి కంటిని తాకితే జబ్బుని స్వయంగా మోసుకెళ్ళి అప్పగించినట్టే. పైగా పాత సీసాల్లో స్టెరాయిడ్ మందు ఉంటే లేని ముప్పు తెచ్చిపెడుతుంది. తువ్వాలు ఎవరిది వాళ్ళే వాడుకోవాలి, కళ్ళు నలుపుకోకూడదు, సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఉండాలి. వచ్చినవాళ్ళు తగ్గేదాకా ఇంట్లో ఉంటే మంచిది. ఎదుటివాళ్ళ ఎర్ర కళ్ళల్లోకి చూస్తే అంటుకుంటుందని తల తిప్పుకుని తిరగనక్కర్లేదు, చూపుతో అంటుకోదు, చేతులతో అంటుకుంటుంది. మామూలు కలక దానంతటదే తగ్గుతుంది. చూపు మసకబారినా, కన్ను గట్టిగా నొప్పెట్టినా, వెలుతురు భరించలేకపోయినా అది మామూలు కలక కాదు. అలాంటివాళ్ళని అదే రోజు డాక్టరు దగ్గరికి పంపు.

గోడ అయిపోయింది. ఇక నీ సంగతి. కోపం తెచ్చుకోకుండా చదువు.

చత్వారం వెనక్కి పోదక్కా. నీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ అద్దాలు తీసేసిన ముక్కే. కంటి లోపలి కటకం ముదిరి గట్టిపడుతున్నప్పుడు కొన్నాళ్ళపాటు దగ్గర చూపు బాగుపడినట్టు ఉంటుంది. జనం సంబరపడతారు. మేము శుక్లం కోసం వెతుకుతాం. శుక్లం ముదిరే కొద్దీ ఆ కటకం పసుపెక్కుతుంది, దాని గుండా చూస్తే నీలం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నీ బుర్రలో దాచుకున్న నీలం సరైనదే. తొట్టిలోది దానికన్నా వెలిసినట్టు కనిపిస్తోంది కనక నువ్వు ఇంకాస్త పోస్తున్నావు. నమూనా పక్కన పెట్టుకుని ఉంటే రెండూ ఒకే పసుపులోంచి కనిపించేవి, ఇంత తేడా వచ్చేది కాదు. కొన్నవాడి బల్బు మంచిదేనని నా అనుమానం.

ఒక పని చెయ్యి. పగటి వెలుతురులో నీ రంగుల బల్ల మీద రంగు సరిచూసుకునే తెల్ల పింగాణీ పెంకు ముందు నిలబడి ఒక కన్ను మూసి చూడు, తర్వాత రెండోది మూసి చూడు. తెల్లగా ఉందా? చీకటిపడ్డాక ఎదురొచ్చే బస్సు లైట్లు చుట్టూ చెదిరిపోతున్నాయా? నిజం రాయి.

నీ మరదలు ఎప్పటిలాగే నీ పక్షమే. నేను నోరు తెరిస్తే పాఠం చెబుతున్నట్టు ఉంటుందట.

నీ తమ్ముడు

జూన్ 20

ఒరేయ్ పాఠాలయ్యా,

మరదలికి నా తరఫున రెండు ముద్దులు.

నువ్వు చెప్పింది గోడకి అంటించాను. కలక తగ్గుముఖం పట్టింది. చుక్కల సీసా తెచ్చినావిడ నాతో మాట్లాడటం మానేసింది, అదీ ఒక లాభమే.

పెంకు చూశాను. రెండు కళ్ళకీ పాత కాగితంలాగే కనిపించింది. పెంకులు పాతవి, ఆవిరి పట్టి పాడయ్యాయి అనుకున్నాను. కొట్టునుంచి కొత్త పెంకు తెప్పించాను. కొట్టువాడు అది కూడా పాతదే అంటగట్టాడు. బస్సు లైట్లంటావా, చెదురుతున్నాయి. డ్రైవర్లు ముందు అద్దాలు తుడిచి ఎన్నాళ్ళయిందో ఎవరికి తెలుసు? ఇవి తప్ప నాకే ఇబ్బందీ లేదు.

అసలు ఇబ్బంది కళ్ళతో కాదు, మనుషులతో. తడిగుడ్డ బండి తోసే ఆయన ఉన్నాడే, మేమందరం బండాయన అంటాం, ఆయన నామీద పగబట్టాడు. రంగుల గదినుంచి తొట్ల దగ్గరికి వెళ్ళే దారిలో సరిగ్గా నా ఎడమ పక్కన బండి పెట్టి పోతాడు. మోకాలి చిప్ప కందిపోయింది. మొన్న తొట్టి అంచుకి చెయ్యి తగిలి కాలింది, చూసుకోవద్దా అని నన్నే అరిచాడు! అంతటితో ఊరుకోడు. నేను ఆ దారిన వస్తుంటే చాలు, ఈల వేస్తాడు. ఈ వయసులో నాకు ఈలా? జుట్టు నెరిసిన ఆడమనిషిని వెక్కిరించడానికి సిగ్గుండాలి. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. బండాయన్ని వెనక గోడౌన్లోకి మార్చారు. పీడా పోయిందనుకుంటే, ఇప్పుడు ఆ బండి తోసే కొత్తమనిషి కూడా ఎడమ పక్కనే పెడుతున్నాడు. అందరూ కూడబలుక్కున్నట్టున్నారు.

మేనేజరు ఎన్నాళ్ళ నుంచో నన్ను మడతల గదికి తోసేసి రంగుల బల్ల మీద వాళ్ళ మనిషిని కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. నన్నలా విసిగిస్తే నేనే లేచిపోతానని ఆశ. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. నా చెయ్యి ఆడినంత కాలం ఆ బల్ల నాది.

అక్క

జూన్ 27

అక్కా,

ఈసారి వెక్కిరింతలు లేవు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

బండి ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండటం లేదక్కా. కుడి పక్కన కూడా ఉంటుంది, అది నీకు కనిపిస్తుంది కనక తప్పుకుంటున్నావు. ఎడమవైపుది కనిపించడం లేదు. శుక్లం ఒక్కటే అయితే ఇలా పక్కన ఉన్నవాటికి కొట్టుకోరు. ఇది నీటికాసులేమో అని నా భయం. కంటి లోపల నీటి ఒత్తిడి పెరిగి వెనక నరం దెబ్బతినే జబ్బు అది. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, ఎదురుగా ఉన్నది చివరిదాకా చక్కగా కనిపిస్తుంది. పక్కచూపు మాత్రం మెల్లిగా పోతుంటుంది. పోయినచోట నల్లగా కూడా ఉండదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే ఎవరో తెచ్చి అడ్డం పెట్టారనిపిస్తుంది.

శుక్లాన్ని తీసి చూపు తెప్పించవచ్చు. నీటికాసుల వల్ల పోయింది మాత్రం తిరిగి రాదు. చుక్కల మందుతో మిగిలినదాన్ని నిలబెట్టుకోవచ్చు, అంతే. అందుకే ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దంటున్నాను. నాన్న గుర్తున్నాడా? ఇంట్లో తిరుగుతూ గుమ్మాలకి భుజం కొట్టుకునేవాడు. మనం నవ్వేవాళ్ళం. ఈ జబ్బు కుటుంబాల్లో దిగుతుంది, ఒకరికి ఉందంటే తోబుట్టువులూ పిల్లలూ అందరూ చూపించుకోవాలి.

కాగే తొట్ల మధ్య నువ్వు తిరుగుతున్నావు. నీకు చెబితే వినవు. అందుకని మీ మేనేజరుకి నాలుగు ముక్కలు రాశాను, పరీక్ష అయ్యేదాకా నిన్ను తొట్ల దగ్గరికి పంపొద్దని. తిట్టుకుంటే తిట్టుకో.

తమ్ముడు

జూలై 5

తమ్ముడని పిలవాలనిపించడం లేదు కనక పిలవడం లేదు.

మొన్న మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఎన్నడూ లేనిది కూర్చోమన్నాడు. నీ ఉత్తరం బల్లమీద పరిచి ఉంది. "ఏంటమ్మా ఇది, నాకు చెప్పొద్దా? మీ తమ్ముడే రాశాడు. కళ్ళాసుపత్రి మనిషి. ఆయన కంటే నాకెక్కువ తెలుసా చెప్పండి?" అన్నాడు, మొహం నిండా జాలి పూసుకుని. తొట్ల దగ్గరికి పంపొద్దని నువ్వు రాస్తే, రంగుల బల్ల దగ్గరికే పంపొద్దని అతను చదువుకున్నాడు. ఆ సాయంత్రమే నన్ను మడతల గదిలో వేశారు. దుప్పట్లు నాలుగు మడతలు పెట్టి పక్కకి తోయడం. కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. అందుకే ఇచ్చారు కాబోలు.

ఎన్నాళ్ళ నుంచో అతను చెయ్యలేని పని నువ్వు ఒక్క ఉత్తరంతో చేసి పెట్టావు. నా బల్ల మీద ఇప్పుడు వాళ్ళ మనిషి కూర్చున్నాడు. ముదురు ఎరుపుకీ ఇటుక రంగుకీ తేడా తెలియనివాడు.

నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళను. నాకు జబ్బుందని రాసిన కాగితం ఇంకోటి మేనేజరు చేతిలో పెట్టడానికా? నా కళ్ళు నావి. పోతే నాతోనే పోతాయి.

అక్క

జూలై 12

అక్కా,

నీ బల్ల పోతుందని నేను అనుకోలేదు. తొట్ల సంగతే రాశాను. నీకు చెప్పకుండా రాయడం తప్పు. నీ మరదలు వారం నుంచి నాతో ముభావంగా ఉంది, ఇంట్లో నాకూ మడతల గదే.

కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే ఎలా? నీకు ఆపరేషనంటే భయమని నాకు తెలుసు. చిన్నప్పుడు టీకా సూదికే మంచం కింద దూరావు. భయపడకక్కా. కంటికి మందు వేసి మొద్దుబారుస్తారు, నొప్పి తెలియదు. చిన్న గాటు పెట్టి, పండిపోయిన కటకాన్ని తీసేసి దాని చోట పల్చటి కటకం అమరుస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు. కొన్నాళ్ళు కంట్లో నీళ్ళు పడకుండా చూసుకోవాలి, నలపకూడదు, బరువులు ఎత్తకూడదు, రాసిచ్చిన చుక్కలు వేసుకోవాలి. ఇంతే. ఎందరో ముసలమ్మలు నవ్వుకుంటూ వెళ్ళడం రోజూ చూస్తుంటాను. నా మాట విను, ధైర్యం తెచ్చుకో.

తమ్ముడు

జూలై 24

ఒరేయ్,

ముసలమ్మలట! టీకాకి మంచం కింద దూరింది నువ్వు. నిన్ను కాలు పట్టుకుని బయటికి లాగింది నేను. జ్ఞాపకాలు కూడా నీకు అనుకూలంగా మార్చేసుకుంటున్నావు.

నాకు సూదంటే భయం లేదు, కత్తంటే భయం లేదు. నా భయమేమిటో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. ఎవడో తయారుచేసిన కటకం నా కంట్లో పెడితే ఇక నాకు కనిపించేది నా నీలమేనా, వాడి నీలమా? చూపు రావచ్చు, రంగు వేరే అయిపోతే? అప్పుడు బల్ల ఇచ్చినా నేనేం చేసుకోను? అదిరా నా భయం. అది తప్ప ఇంకేమీ కాదు.

అయినా వెళ్ళాను. నీకోసం కాదు. నా కళ్ళు బంగారంలా ఉన్నాయని డాక్టరు చేత రాయించి మేనేజరు మొహాన కొడదామని వెళ్ళాను. ఆ డాక్టరు దీపం పెట్టి చూసి, ఒత్తిడి కొలిచి, నన్ను ఇంకో గదికి పంపింది. గిన్నెలాంటి పెట్టెలో మొహం పెట్టించి, చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మొదట బాగానే నొక్కాను. తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ వెలగలేదు. "యంత్రం ఆగిపోయిందమ్మా, చూడు" అన్నాను. పక్కనున్న పిల్ల మెల్లిగా "ఆగలేదండీ, వెలుగుతూనే ఉంది" అంది.

నా జన్మలో ఇంత చెడ్డ మాట వినలేదు.

నువ్వు రాసిందే నిజం. రెండు కళ్ళల్లో శుక్లం ఉంది. నీటికాసులు కూడా. ఎడమ కన్ను పక్కచూపు చాలావరకు పోయింది, కుడిదాన్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇంటికొచ్చి కూర్చుని కరువుతీరా ఏడ్చాను. ఎవరిమీద కోపమో తెలియక గోడ మీద చెప్పు విసిరాను. తర్వాత చుక్కలు వేసుకున్నాను. కింది రెప్ప లాగి ఒక్క చుక్క వెయ్యాలి, కన్ను మూసుకుని ముక్కు పక్క మూల మెల్లిగా నొక్కి పట్టుకోవాలి, ఏమీ తేడా తెలియకపోయినా రోజూ అదే వేళకి వేసుకోవాలి, జీవితాంతం. నువ్వు రాయకపోయినా అన్నీ ఆవిడే చెప్పింది, అది కూడా పాఠంలా కాకుండా.

మర్నాడు గోడౌన్‌కి వెళ్ళాను. బండాయన మూటల మీద కూర్చుని ఉన్నాడు. ఈల ఎందుకు వేసేవాడివని నిలదీశాను. ఆయన నేల చూపులు చూస్తూ "మీకు ఆ పక్క ఆనట్లేదని నాకెప్పుడో తెలిసిందమ్మా. చెప్తే మీరు ఊరుకుంటారా? బండి ఎక్కడుందో తెలుస్తుందిలే అని ఈల వేసేవాణ్ణి" అన్నాడు. నేను పీడ అనుకున్న మనిషిరా. నేరుగా మేనేజరు గదికి వెళ్ళి నా ఫిర్యాదు చింపేయమన్నాను. అతను కుదరదన్నాడు. ఆయన్ని తిరిగి బండి దగ్గరికి పంపేదాకా ఇక్కడే నిలబడతానన్నాను. నిలబడ్డాను. సాయంత్రానికి పంపాడు.

కుడి కంటికి ముందు ఆపరేషన్ చేస్తానంది డాక్టరు. రోజు కూడా ఇచ్చింది. కానీ నేను చేయించుకోను, ఒకటి తేలేదాకా. తోబుట్టువులందరూ చూపించుకోవాలని నీ చేత్తో రాశావు. నాకు ఉన్న తోబుట్టువు నువ్వొక్కడివే. నువ్వు చూపించుకున్నావా?

అక్క

ఆగస్టు 2

అక్కా,

బండాయన సంగతి చదివి నీ మరదలు కళ్ళు తుడుచుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినందుకు నాకు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను.

కొత్త కటకం గురించి: అది రంగు లేనిది. నీ నీలం నీకు తిరిగి వస్తుంది, వేరేవాడిది కాదు. ఇది ముందే చెప్పాల్సింది. నీ భయం నొప్పి గురించే అనుకున్నాను.

నా సంగతంటావా, నేను రోజంతా డాక్టర్ల మధ్యే తిరుగుతుంటాను. ఏమైనా ఉంటే ఈపాటికి తెలిసేది. ఈ నెలంతా జనం విపరీతంగా ఉన్నారు. తీరిక చూసుకుని తప్పకుండా చూపించుకుంటాను. నువ్వు నా మీద పెట్టి ఆపరేషన్ వాయిదా వెయ్యకు, చిన్నపిల్లలా.

తమ్ముడు

ఆగస్టు 9

తీరిక లేనివాడా,

డాక్టర్ల మధ్య తిరిగితే కళ్ళు బాగుంటాయా? నేను రంగుల మధ్య తిరిగాను, ఏమైంది?

చుక్కలు మానను, అంత వెర్రిదాన్ని కాను. ఆపరేషన్ మాత్రం నీ పరీక్ష కాగితం నా చేతికి వచ్చాకే. డాక్టరుతో కూడా చెప్పాను. నవ్వింది. "మీ తమ్ముడు మీకంటే మొండివాడా?" అని అడిగింది. కాదన్నాను. నా పరువు తియ్యకు.

అక్క

ఆగస్టు 18

అక్కా,

కాగితం ఇందులో పెట్టాను.

పని అయిపోయాక మా పెద్ద డాక్టరమ్మని అడిగాను. రోజూ జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో నేను కూర్చున్నాను. గడ్డం ఆనించే చోట కదలొద్దని అందరినీ కసిరేది నేనే. నేను కదిలాను. ఆవిడ మూడుసార్లు సర్దుకోమంది.

నాకూ ఉంది. కుడి కంట్లో మొదలైంది, ఎడమది ఇంకా బాగానే ఉంది. ఇంత తొందరగా దొరకడం అదృష్టమని ఆవిడ అంది. ఇదే మాట నేను ఎందరికో చెప్పాను. నాకు చెబుతుంటే మాత్రం అందులో అదృష్టం ఏమీ కనిపించలేదు. నువ్వు పట్టుబట్టకపోతే నేను చూపించుకునేవాణ్ణి కాదు, అది నిజం. చూపించుకోనందుకు కారణం తీరిక కాదు. నాన్న గుమ్మానికి కొట్టుకోవడం నాకు రోజూ గుర్తొస్తుంది, అందుకే చూపించుకోలేదు.

నీ మరదలికి చెప్పలేదు. ఇక్కడ కూడా ఎవరికీ తెలియనివ్వొద్దని డాక్టరమ్మని బతిమాలాను. జనం చూపు కొలిచేవాడికే చూపు జబ్బుంటే ఎవరు నమ్ముతారు? ఎవరో ఒకరు అడిగే లోపు నేనే స్టోరు గదికి మార్పించుకుందామని అనుకుంటున్నాను. అక్కడ అట్టపెట్టెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు. గొడవుండదు.

ఇక నువ్వు ఆపరేషన్ చేయించుకో. మాట ఇచ్చావు.

తమ్ముడు

సెప్టెంబరు 20

నా బుడంకాయ్,

ఇంత ఆలస్యంగా రాస్తున్నానని కంగారుపడ్డావేమో. కంటికి శ్రమ వద్దన్నారు, పైగా నీ ఉత్తరానికి జవాబు చేతలతో ఇవ్వాలని ఆగాను.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన పొద్దున మొదట చూసింది నా వంటగది గోడ. తెల్లగా ఉంది! ఇన్నాళ్ళూ పొగచూరిపోయిందని సున్నం వేయిద్దామనుకున్నాను. తర్వాత కిటికీ తెరిచాను. ఆకాశం చూస్తూ అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఎడమ కన్నుతో చూస్తే టీ వడపోసినట్టు ఉంది, కుడి కన్నుతో చూస్తే నీలం. నాదేరా. నా నీలమే. ఎక్కడికీ పోలేదు, అంతకాలం ఆ పసుపు పొర వెనక నాకోసం ఉండిపోయింది.

చుక్కలూ జాగ్రత్తలూ అన్నీ పాటించి, డాక్టరు సరేనన్నాకే మిల్లుకి వెళ్ళాను. మడతల గదికి కాదు, రంగుల గదికి. వెనక్కి వచ్చిన నీలం గుడ్డ మూల పడి ఉంది. చూశాను. కొన్నవాడు మర్యాదస్తుడు కనక ముదిరిందని ఊరుకున్నాడు. నేనైతే బూతులు తిట్టేదాన్ని. దాన్ని బల్లమీద పరిచి, నా స్టూలు మీద నేను కూర్చున్నాను.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, లేవండి" అన్నాడు. "ఈ గుడ్డ చెడగొట్టింది నేనే. అప్పుడు నా కంట్లో శుక్లం ఉంది, ఇప్పుడు తీసేశారు. నీటికాసులు కూడా ఉన్నాయి. ఎడమ పక్క కనిపించదు, ఇక కనిపించదు కూడా. ఈ సంగతి మా తమ్ముడు రాయక్కర్లేదు, నేనే అందరి ముందూ చెబుతున్నాను. అయితే రంగు నా ఎడమ పక్కన ఉండదు. ఈ బల్లమీద, నా కళ్ళ ముందు ఉంటుంది. నమూనా ఇవ్వండి, కలుపుతాను. తప్పితే నేనే పోతాను" అన్నాను. అతను నియమాలన్నాడు, బాధ్యత అన్నాడు, నా మంచికే అన్నాడు. మళ్ళీ లేవమన్నాడు. లేవలేదు. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. చుక్కల సీసా ఆవిడ కూడా వచ్చింది. ఎవరూ కదల్లేదు. చివరికి అతనే నమూనా తెప్పించాడు.

ఈసారి నమూనా పక్కనే పెట్టుకుని కలిపాను. నా గర్వం కొంచెం తగ్గిందని రాసుకో, కొంచెమే. గుడ్డ కొన్నవాడి దగ్గరికి వెళ్ళింది, వెనక్కి రాలేదు. బల్ల నాకే ఇచ్చారు. తొట్ల దగ్గరికి నేను వెళ్ళను, గుడ్డ నా దగ్గరికే తెస్తారు. అన్నీ తాత్కాలికమేనని మేనేజరు కాగితం మీద రాసిచ్చాడు. ఈ భూమ్మీద తాత్కాలికం కానిది ఏముందని సంతకం పెట్టేశాను.

ఇక నీ స్టోరు గది సంగతి. ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందో, దానికన్నా ఎక్కువ దుఃఖం వచ్చింది. నీకు నేను రాసినవన్నీ, నన్ను మడతల గదిలో వేసినప్పుడు నా గుండె ఎలా మండిందో, అన్నీ చదివి కూడా నీ అంతట నువ్వే నీ మడతల గది వెతుక్కుంటున్నావా? నాకు పోయిందేదో పోయింది. ఉన్నదాన్లో ఒక్క పిసరు కూడా ఆ జబ్బుకి వదలను, ఏ మేనేజరుకీ వదలను. నీకు ఇంకా ఏమీ పోనేలేదు కదరా.

ఈ ఉత్తరం చదవగానే మరదలికి చెప్పు. చుక్కలు ఆవిడ చేత వేయించుకో, నీకు వదిలేస్తే తీరిక లేదని మానేస్తావని నాకు తెలుసు. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. ఎవరైనా అడిగితే, అవును, నాకు ఉంది, మందు వేసుకుంటున్నాను, మీకుందేమో చూద్దాం, గడ్డం ఇక్కడ పెట్టండి అని చెప్పు. నీకంటే నమ్మకంగా ఆ మాట ఇంకెవరు చెప్పగలరు?

నన్ను రెండుసార్లు లేవమన్నారు, నేను లేవలేదు. నిన్ను ఎవరూ లేవమనకుండానే లేచిపోతావా?

అక్క